కర్క్యుమిన్ నానో ఎమల్షన్: నూనె, సర్ఫాక్టెంట్ మారిస్తే రిలీజ్, కాంతి స్థిరత్వం ఎలా మారుతున్నాయి?

లహరి_ఫార్మస్యూటిక్స్

అందరికీ నమస్కారం. ఎం.ఫార్మసీ రెండో సంవత్సరం. నా ప్రాజెక్టు చర్మం మీద రాసే జెల్ కోసం కర్క్యుమిన్ (పసుపుకి రంగునిచ్చే పదార్థం) నానో ఎమల్షన్, అంటే నీళ్లలో నానోమీటర్ల సైజు నూనె బిందువులు. మూడు ఫార్ములేషన్లు చేశాను. మూడింటిలోనూ కర్క్యుమిన్ మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రామే.

ఎ: ఎంసీటీ (మీడియం చెయిన్ ట్రైగ్లిజరైడ్) నూనె 5 శాతం, సర్ఫాక్టెంట్ (నూనె, నీళ్లని కలిపి ఉంచేది) ట్వీన్ 80, దానికి తోడు ద్రావకం ట్రాన్స్‌క్యుటాల్ 2:1 నిష్పత్తిలో కలిపి 25 శాతం. బిందువుల సైజు 40 నానోమీటర్ల దగ్గర. తేనె రంగులో, అద్దంలా ఉంది.

బి: ఎంసీటీ 10 శాతం, అదే సర్ఫాక్టెంట్ మిశ్రమం 15 శాతం. సైజు 120 దగ్గర. పసుపు కలిపిన పాలలా ఉంది.

సి: బి లాంటిదే, కానీ ఎంసీటీ బదులు గానుగ నువ్వుల నూనె.

డయాలసిస్ బ్యాగుతో (చిన్న అణువుల్ని మాత్రమే దాటనిచ్చే పొరతో చేసిన సంచి), పీహెచ్ 7.4 ఫాస్ఫేట్ బఫర్‌లో, 37 డిగ్రీల దగ్గర రిలీజ్, అంటే మందు బయటికి రావడం చూశాను. ఎ అన్నిటికంటే త్వరగా వదిలింది. కానీ సగం దాటాక గ్రాఫ్ ఆగిపోయింది, 24 గంటల శాంపిల్‌లో కాస్త కిందికి కూడా దిగింది. బి నెమ్మది, సి ఇంకా నెమ్మది. కిటికీ పక్కన పెట్టిన శాంపిళ్లలో రంగు ఎక్కువ పోయింది ఎ లోనే, తర్వాత సి. బి మాత్రం బాగా నిలబడింది.

సైజు చిన్నది కాబట్టి రిలీజ్ ఎక్కువ అని రాసేయొచ్చు. కానీ ఆ ఒక్క మాట కాంతి ఫలితాన్ని వివరించడం లేదు. రిలీజూ బాగుండి, వెలుతురుకీ తట్టుకునే కూర్పు అంటూ ఉంటుందా?

నసీర్_వరంగల్

లహరి గారూ, సైజు మాట ముందు పక్కన పెట్టండి. చిన్న లెక్క చేసి చూపిస్తాను.

100 నానోమీటర్ల బిందువు మధ్యలో ఉన్న మందు అణువు అంచుకి రావడానికి పట్టే సమయం సుమారుగా వ్యాసార్థం వర్గాన్ని డిఫ్యూజన్ కోఎఫిషియెంట్‌తో (అణువు ఎంత త్వరగా వ్యాపిస్తుందో చెప్పే కొలత) భాగిస్తే వస్తుంది. ఎంసీటీ లాంటి నూనెలో కర్క్యుమిన్ పరిమాణం ఉన్న అణువుకి ఆ కోఎఫిషియెంట్ సెకనుకి 10 పవర్ మైనస్ 11 చదరపు మీటర్ల స్థాయిలో ఉంటుంది. 50 నానోమీటర్ల వ్యాసార్థానికి లెక్కిస్తే మిల్లీసెకనులో పావు వంతు. నూనె పదింతలు చిక్కనైనా కొన్ని మిల్లీసెకన్లే. మీ గ్రాఫ్ గంటల్లో ఉంది. అంటే బిందువు లోపలి ప్రయాణం మీ రిలీజ్‌ని ఆపడం లేదు. ఆపుతున్నది ఇంకేదో.

సాయికిరణ్_బీఫార్మ్

అన్నా, సైజు తగ్గితే ఉపరితలం పెరుగుతుంది, అందుకే రిలీజ్ పెరుగుతుందని మాకు క్లాసులో చెప్పారు కదా?

నసీర్_వరంగల్

తమ్ముడూ, నోటి ద్వారా ఇచ్చే ఎమల్షన్‌కి ఆ మాట చాలావరకు నిజమే. అక్కడ లైపేజ్ ఎంజైమ్ బిందువు ఉపరితలం మీద కూర్చుని నూనెని అరిగిస్తుంది. ఉపరితలం ఎంత ఎక్కువుంటే అంత త్వరగా అరుగుతుంది. మైక్రాన్లలో ఉండే ముతక ఎమల్షన్లకీ కొంత వర్తిస్తుంది. లహరి గారి డయాలసిస్ బ్యాగులో లైపేజ్ లేదు, బిందువులు నానోల్లో ఉన్నాయి. ఇక్కడ నడిపించేది పార్టిషన్: మందు నూనెలో ఎంత ఉండిపోతుంది, నీళ్లలోకి ఎంత వస్తుంది అన్నదే.

రామకృష్ణ_ఎఫ్అండ్‌డీ

నసీర్ చెప్పిన చోటి నుంచే మొదలుపెడతాను. హైదరాబాద్‌లో ఫార్ములేషన్ డెవలప్‌మెంట్‌లో ఉన్నాను, ఎమల్షన్లతోనే ఎక్కువ పని.

ఒక మందుకి నూనె, నీళ్ల మధ్య పార్టిషన్ కోఎఫిషియెంట్ 1000 అనుకుందాం, అంటే నూనెలో గాఢత నీళ్లలో కంటే 1000 రెట్లు. సర్ఫాక్టెంట్ సంగతి ప్రస్తుతానికి వదిలేద్దాం. నూనె 5 శాతం ఉంటే నీళ్లలో స్వేచ్ఛగా ఉండే మందు సుమారు 1.9 శాతం. నూనె 10 శాతం చేస్తే 0.9 శాతం. నూనె రెట్టింపైతే స్వేచ్ఛగా ఉన్న మందు సగమైంది. డయాలసిస్ పొర దాటేది ఆ స్వేచ్ఛగా ఉన్నదే కాబట్టి, బిందువు సైజు ఒక్క నానోమీటరు కూడా మారకపోయినా మీ రిలీజ్ రేటు సగానికి పడిపోతుంది.

ఇంకోటి. అదే 5 శాతం ఎమల్షన్‌ని నూరు రెట్లు పలుచన చేస్తే నీళ్లలోకి వచ్చే మందు దాదాపు 67 శాతం అవుతుంది. అది కూడా చిటికెలో. రక్తంలో కలిసే ఇంజెక్షన్‌లో జరిగేది ఇదే. డయాలసిస్ బ్యాగు లోపల ఆ పలుచన జరగదు, అందుకే అదే ఎమల్షన్ అక్కడ "సస్టెయిన్డ్ రిలీజ్" (మందుని నెమ్మదిగా, చాలాసేపు వదలడం) లాగా కనపడుతుంది. ఎన్నో పేపర్లలో ఆ మాట చూస్తుంటాను, చూసిన ప్రతిసారీ బాధేస్తుంది. ఉత్త కర్క్యుమిన్ ద్రావణాన్ని అదే బ్యాగులో పోసి కంట్రోల్‌గా నడిపారా? నడపకపోతే మీరు కొలిచింది ఎమల్షన్‌నా, పొరనా అన్నది తేలదు.

ఇప్పుడు నా అసలు ప్రశ్న. ఎ లో మిల్లీలీటరుకి నూనె సుమారు 50 మిల్లీగ్రాములు, మందు 1 మిల్లీగ్రాము. మందంతా నూనెలోనే ఉండాలంటే ఆ నూనె 2 శాతం కర్క్యుమిన్‌ని కరిగించుకోవాలి. మీ సాల్యుబిలిటీ స్టడీలో ఎంసీటీకి అంత వచ్చిందా?

లహరి_ఫార్మస్యూటిక్స్

రాలేదు సార్, అందులో సగం కూడా లేదు. ట్వీన్ 80 లో, ట్రాన్స్‌క్యుటాల్‌లో మాత్రం చాలా ఎక్కువ వచ్చింది. ఉత్త ద్రావణం కంట్రోల్ ఇంకా పెట్టలేదు, ఈ వారం పెడతాను.

రామకృష్ణ_ఎఫ్అండ్‌డీ

అయితే మీ ఎ లో మందు ఎక్కువ భాగం నూనెలో లేదమ్మా. బిందువు చుట్టూ ఉన్న ట్వీన్ పొరలోనూ, విడిగా తిరిగే ట్వీన్ మిసెల్స్‌లోనూ (ట్వీన్ అణువుల చిన్న గుంపులు) ఉంది. 25 శాతం సర్ఫాక్టెంట్ అంటే ఆ 5 శాతం నూనెని కప్పగా మిగిలేది కూడా బోలెడుంటుంది. మిసెల్ లోంచి మందు నీళ్లలోకి రావడం సులువు. పైగా నీళ్లు కూడా ఆ పొర లోపలి దాకా వస్తాయి. ఎ త్వరగా వదలడానికి, వెలుతురుకి త్వరగా పాడవడానికి కారణం ఒకటే అయ్యుండొచ్చు: మందు కూర్చున్న చోటు.

వెంకట్_న్యూజెర్సీ

అనలిటికల్ వైపు నుంచి ఒక మాట. "24 గంటల శాంపిల్‌లో కిందికి దిగింది" అన్న దగ్గర నేను ఆగిపోయాను.

క్యుములేటివ్ రిలీజ్, అంటే అప్పటిదాకా బయటికి వచ్చిన మొత్తం, కిందికి దిగదు. దిగిందంటే బయటి బఫర్‌లోకి వచ్చిన మందు అక్కడే నాశనమవుతోంది. కర్క్యుమిన్ విషయంలో ఇది ఎప్పటి నుంచో తెలిసిందే. పీహెచ్ 7.2 ఫాస్ఫేట్ బఫర్‌లో, 37 డిగ్రీల దగ్గర, సీరమ్ లాంటిదేమీ లేకుండా పెడితే అరగంటలో 90 శాతం దాకా విచ్ఛిన్నమవుతుందని 1997 లోనే ప్రచురితమైంది. మీరు 7.4 లో గంటల తరబడి పెట్టారు. మీ గ్రాఫ్ ఆగిపోయింది ఎమల్షన్ వదలడం మానేసినందుకు కాదు. వస్తున్న వేగం, పాడవుతున్న వేగం సమానమైన చోట గీత అడ్డంగా పడింది.

ఇలా చేయండి:

చర్మం మీద రాసే మందు కాబట్టి 7.4 అవసరం లేదు, 5.5 బఫర్ తీసుకోండి. ఆమ్ల పీహెచ్‌లో కర్క్యుమిన్ చాలా మెరుగ్గా నిలుస్తుంది. కానీ నీళ్లలో దాదాపు కరగదు కాబట్టి సింక్ కండిషన్ (వచ్చిన మందంతా బయట సులువుగా కరిగే స్థితి) కోసం బఫర్‌లో కొంచెం ట్వీన్ 80 గానీ ఇథనాల్ గానీ కలపాలి. రిలీజ్ గిన్నె మొత్తం అల్యూమినియం ఫాయిల్‌తో చుట్టండి. చివర్లో బ్యాగు కోసి లోపల మిగిలిన మందు కొలవండి. బయటికి వచ్చింది, లోపల ఉన్నది కలిపితే మొదట పోసిన దానికి దగ్గరగా రావాలి. రాకపోతే ఆ గ్రాఫ్‌కి హిగుచి, కోర్స్‌మేయర్-పెప్పాస్ లాంటి రిలీజ్ లెక్కల మోడల్స్ ఏవి ఫిట్ చేసినా అర్థం ఉండదు.

ఇంకొకటి, 425 నానోమీటర్ల దగ్గర యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్ మాత్రమే వాడుతున్నారా? బజారులో "కర్క్యుమిన్" అని దొరికేది మూడు పదార్థాల మిశ్రమం. కర్క్యుమిన్ సుమారు 77 శాతం, డీమెథాక్సీ 17, బిస్‌డీమెథాక్సీ 3 అని సాధారణంగా చెబుతారు. మూడూ ఒకే వేగంతో పాడవవు, కానీ రంగు మూడింటిదీ పసుపే. హెచ్‌పీఎల్‌సీలో (మిశ్రమంలోని పదార్థాల్ని విడదీసి కొలిచే పద్ధతి) మూడు పీకులు విడదీసి చూస్తేనే ఏది పోయిందో తెలుస్తుంది. పైగా బి, సి పాలలా ఉన్నాయి, సరిగ్గా కరిగించకుండా నేరుగా క్యువెట్‌లో పెడితే కాంతి చెదిరిపోవడం కూడా అబ్జార్బెన్స్‌గా (మందు పీల్చుకున్న కాంతిగా) లెక్కలోకి వచ్చేస్తుంది.

డా_పద్మజ

వెంకట్ గారు రిలీజ్ చిక్కు విప్పేశారు. కాంతి సంగతి నేను అందుకుంటాను, నాకు చాలా ఇష్టమైన విషయం ఇది.

పసుపు మరక సబ్బు తగలగానే ఎర్రబడటం, ఎండలో ఆరేస్తే మాయమవడం మనందరం ఇంట్లో చూసిందే. మొదటిది క్షారం పని, రెండోది వెలుతురు పని. నూనె లోపల దాచినంత మాత్రాన రెండూ ఒకేలా తగ్గవు. నీళ్లు, క్షారం వల్ల జరిగే విచ్ఛిన్నం నూనెలో బాగా తగ్గుతుంది. కాంతి వల్ల జరిగే ఆక్సిడేషన్ అలా తగ్గదు. ఎందుకంటే ఆక్సిజన్ నీళ్లలో కంటే నూనెలోనే కొన్ని రెట్లు ఎక్కువ కరుగుతుంది. వెలుతురు సోకినప్పుడు పుట్టే సింగ్లెట్ ఆక్సిజన్ (చాలా చురుకైన ఆక్సిజన్ రూపం) ఆయుష్షు నీళ్లలో మూడు, నాలుగు మైక్రోసెకన్లే. నూనె లాంటి మాధ్యమంలో అంతకంటే చాలా ఎక్కువ. అంటే "నూనెలో పెట్టాం కాబట్టి మందు క్షేమం" అన్న వాక్యం హైడ్రాలిసిస్‌కి సరిపోతుంది, ఫోటో ఆక్సిడేషన్‌కి సరిపోదు.

ఇక లహరి ఫార్ములేషన్లు. ఎ ఎక్కువ పాడవడంలో నాకు కనిపిస్తున్న మొదటి కారణం ట్వీన్ 80. అందులో పాలీఆక్సీఇథిలీన్ గొలుసులు, ఓలియేట్ తోక రెండూ గాలికి ఆక్సిడైజ్ అయి పెరాక్సైడ్లు (పక్కనున్న పదార్థాల్నీ ఆక్సిడైజ్ చేసేవి) పుట్టిస్తాయి. వెలుతురు, వేడి ఆ పనిని ఇంకా పెంచుతాయి. మూత తీసి నెలల తరబడి అల్మారాలో పెట్టిన ట్వీన్ సీసా అయితే మరీను. మీ దగ్గరున్న సీసాకి పెరాక్సైడ్ వాల్యూ కొలిచి చూడండి, అయోడైడ్ టైట్రేషన్ చాలు. మందు సరిగ్గా ఆ ట్వీన్ పొరలోనే కూర్చుందని రామకృష్ణ గారు తేల్చారు కదా, పెరాక్సైడ్లు, మందు పక్కపక్కనే ఉన్నట్టు.

రెండోది పారదర్శకత. బిందువులు వెలుతురు తరంగదైర్ఘ్యం కంటే బాగా చిన్నవైతే, నూనె పరిమాణం మారకుండా వ్యాసం సగం చేస్తే కాంతి చెదరడం ఎనిమిదో వంతుకి పడిపోతుంది. ఎ అద్దంలా ఉండటానికి, వెలుతురు దాని లోపలికి అడ్డు లేకుండా పోవడానికి కారణం అదే. పాలలాంటి బి కొంత కాంతిని వెనక్కి తిప్పికొడుతుంది.

సి విషయం వేరు. శుద్ధి చేయని గానుగ నూనెలో ఆకుపచ్చ క్లోరోఫిల్ జాడలు ఉండే అవకాశం ఉంది. అది వెలుతురు పీల్చుకుని సింగ్లెట్ ఆక్సిజన్ పుట్టించే సెన్సిటైజర్. పైగా నువ్వుల నూనెలో లినోలియిక్ ఆమ్లం ఎక్కువ, డబుల్ బాండ్ల దగ్గర ఆక్సిడేషన్ మొదలవుతుంది. అదే నూనెలో సెసమాల్, గామా టోకోఫెరాల్ లాంటి కాపాడేవి కూడా ఉన్నాయి. అందుకే అది ఎ అంత చెడిపోలేదు, బి అంత నిలబడలేదు అనుకుంటున్నాను. ఇది నా ఊహ. శుద్ధి చేసిన నువ్వుల నూనెతో ఇంకో బ్యాచ్ చేస్తే తేలిపోతుంది.

లహరి_ఫార్మస్యూటిక్స్

మేడం, చాలా థాంక్స్. ఒక సందేహం. శాంపిళ్లు అన్నీ ఒకే రోజు ఒకే కిటికీ దగ్గర పెట్టాను, కానీ ఎ ని చిన్న గాజు వయల్‌లో, బి, సి లను వెడల్పు బీకర్లలో పోశాను. అది తేడా చేస్తుందా?

డా_పద్మజ

చాలా చేస్తుంది తల్లీ. 425 దగ్గర కర్క్యుమిన్ మోలార్ అబ్జార్ప్టివిటీ (కాంతిని ఎంత గట్టిగా పీల్చుకుంటుందో చెప్పే కొలత) 55,000 స్థాయిలో ఉంటుంది. మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము అంటే 2.7 మిల్లీమోలార్. లెక్కిస్తే ఒక సెంటీమీటరు లోతుకి అబ్జార్బెన్స్ సుమారు 150. అంటే ఆ రంగు కాంతిలో 90 శాతం, మొదటి 0.07 మిల్లీమీటర్లలోనే ఆగిపోతుంది. మిగతా ద్రావణమంతా చీకట్లో ఉన్నట్టే. పై పొర పాడవుతుంది, కదిపితే కింది మందు పైకి వస్తుంది, అది పాడవుతుంది. కాబట్టి గిన్నె ఆకారం, లోతు, కదిపారా లేదా అన్నవే ఫలితాన్ని మార్చేస్తాయి. అన్నిటినీ ఒకే రకం పాత్రలో, ఒకే లోతులో పోయండి. ప్రతిదానికీ ఫాయిల్ చుట్టిన జత ఒకటి పక్కనే పెట్టండి, వేడి వల్ల పోయింది ఎంతో అది చెబుతుంది.

కిటికీ వెలుతురు రోజుకొకలా ఉంటుంది. ఐసీహెచ్ క్యూ1బీ (మందుల కాంతి స్థిరత్వ పరీక్షకి అంతర్జాతీయ మార్గదర్శకం) అడిగేది కనీసం 12 లక్షల లక్స్ గంటల దృశ్యకాంతి, చదరపు మీటరుకి 200 వాట్ గంటల దగ్గరి అతినీల కాంతి. 500 లక్స్ ఉన్న గదిలో ఆ దృశ్యకాంతి మోతాదు రావాలంటే 2400 గంటలు, అంటే 100 రోజులు పడుతుంది. కాలేజీలో ఫోటోస్టెబిలిటీ ఛాంబర్ లేకపోతే దగ్గర్లో ఉన్న చోట అడగండి. లేదంటే కనీసం లక్స్ మీటరు పెట్టి కొలిచి రాయండి.

శ్రీవల్లి_హాస్పిటల్‌ఫార్మసీ

ఆసుపత్రి వైపు నుంచి రెండు విషయాలు, మీ చర్చకి పనికొస్తాయని.

కూర్పు వల్ల స్వేచ్ఛగా ఉండే మందు మారడం మేం రోజూ చూస్తాం. మత్తుమందు ప్రొపొఫాల్‌ని మొదట్లో క్రెమోఫోర్ అనే సర్ఫాక్టెంట్‌లో కరిగించి ప్రయత్నించారు, తీవ్రమైన అలర్జీ రియాక్షన్లు వచ్చి వెనక్కి తీసుకున్నారు. తర్వాత 10 శాతం సోయా నూనె, 1.2 శాతం గుడ్డు లెసిథిన్, 2.25 శాతం గ్లిసరాల్‌తో తెల్లటి ఎమల్షన్‌గా 1986 లో బ్రిటన్‌లో వచ్చింది. అది ఎక్కించేటప్పుడు చేయి మంటగా ఉందని రోగులు అంటారు. ఆ మంటని నీటి భాగంలో ఉన్న స్వేచ్ఛా ప్రొపొఫాల్‌తో ముడిపెడతారు. సోయా నూనెలో కొంత తీసి ఎంసీటీ కలిపిన రకంలో నీటిలోకి వచ్చే మందు తగ్గింది, నొప్పి కూడా తగ్గింది. మందు అదే, 1 శాతమే. మారింది నూనె మాత్రమే.

రెండోది వెలుతురు. నెలలు నిండని పిల్లలకి ఇచ్చే పేరెంటరల్ న్యూట్రిషన్‌ని (నరం ద్వారా ఎక్కించే పోషకాహారం), అందులో లిపిడ్ ఎమల్షన్ ఉన్నప్పుడు సహా, కాంతి తగలకుండా కప్పి ఇవ్వాలని 2019 లో యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ సూచించింది. నవజాత శిశువులకీ, రెండేళ్లలోపు పిల్లలకీ అది వర్తిస్తుంది. వెలుతురులో పుట్టే పెరాక్సైడ్లే కారణం. బ్యాగు ఒక్కటి కప్పితే చాలదు, గొట్టం కూడా కప్పాలి. గొట్టంలో ద్రవం సన్నగా, నెమ్మదిగా పోతుంది, వెలుతురు బాగా తగిలేది అక్కడే.

వెంకట్_న్యూజెర్సీ

శ్రీవల్లి గారు గొట్టం మాట ఎత్తారు కాబట్టి లహరి జెల్‌కి అదే లెక్క వేసి చూశాను.

జెల్ అమ్మేది అల్యూమినియం ట్యూబులో. లోపల వెలుతురే లేదు, అక్కడ ఎ, బి రెండూ ఒకటే. అసలు పరీక్ష చర్మం మీద. సన్‌స్క్రీన్ పరీక్షల్లో వాడే మోతాదు చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాములు, అంటే పొర మందం సుమారు 0.02 మిల్లీమీటర్లు. సెంటీమీటరుకి 150 అబ్జార్బెన్స్ ఉన్న జెల్ అంత పలుచగా రాస్తే మొత్తం 0.3 మాత్రమే. సగం వెలుతురు పొరలోంచి దాటిపోతుంది, అడుగున ఉన్న మందుకి కూడా తగులుతుంది. వయల్‌లో ఉన్న రక్షణ ఇక్కడ లేదు. పాలలా ఉండటం వల్ల బి కి వచ్చిన లాభం కూడా అంత పలుచటి పొరలో చాలావరకు పోతుంది.

కాబట్టి గాజు పలక మీద అదే మందంలో పూసి, వెలుతురులో పెట్టి, మిథనాల్‌తో కడిగి హెచ్‌పీఎల్‌సీలో కొలవండి. మీ థీసిస్‌లో నేను ముందు చదివేది ఆ పట్టికే.

రామకృష్ణ_ఎఫ్అండ్‌డీ

బాగా పట్టారు వెంకట్ గారూ. పొర అంత పలుచనైనప్పుడు ఇక కాపాడాల్సింది రసాయనమే.

నేనైతే బి తీసుకుని మొదలుపెడతాను. ఎంసీటీ సంతృప్త నూనె, దానిలో ఆక్సిడైజ్ అవ్వడానికి డబుల్ బాండ్లు లేవు. నూనె భాగంలో ఆల్ఫా టోకోఫెరాల్ (విటమిన్ ఇ) కొంచెం, నీటి భాగంలో లోహపు జాడల్ని పట్టుకోవడానికి ఈడీటీఏ కొంచెం. ట్వీన్ తగ్గించి కొంత భాగం లెసిథిన్‌తో నింపండి, కానీ లెసిథిన్ కూడా హైడ్రోజనేటెడ్ తీసుకుంటే మంచిది, మామూలు సోయా లెసిథిన్‌లో మళ్లీ డబుల్ బాండ్లే. నింపేటప్పుడు నైట్రోజన్ ఊదండి. నీటి భాగం పీహెచ్ 5 దగ్గర ఉంచండి. మందు మోతాదు మాత్రం నూనెలో పట్టేంతే. అది 0.1 శాతం కంటే తక్కువైతే తక్కువే పెట్టండి, లేదా కర్క్యుమిన్ ఎక్కువ కరిగే నూనె ఇంకోటి వెతకండి.

రిలీజ్ ఎ కంటే తగ్గుతుంది. తగ్గనివ్వండి. చర్మం మీద గంటల తరబడి ఉండే జెల్‌కి మొదటి గంటలోనే అంతా వదిలేయాల్సిన పని లేదు. వేగం పెంచాలంటే సర్ఫాక్టెంట్ పెంచకండి, నూనె శాతం కొంచెం తగ్గించండి, మందుని కూడా అదే నిష్పత్తిలో తగ్గించండి. ట్రాన్స్‌క్యుటాల్ ఎలాగూ చర్మంలోకి పోవడానికి సాయం చేస్తుంది, దాన్ని ఉంచండి.

ఆస్వాల్డ్ రైపెనింగ్ (చిన్న బిందువుల్లోని నూనె కరిగి పెద్ద బిందువుల్లో చేరడం) గురించి భయపడకండి. నూనె నీళ్లలో కరిగే కొద్దీ అది వేగం పుంజుకుంటుంది. లవంగ నూనె, యూకలిప్టస్ నూనె లాంటివాటికి పెద్ద సమస్య. ఎంసీటీకి చాలా తక్కువ. అయినా సైజు ఘనాన్ని కాలంతో పాటు గ్రాఫ్ గీసి చూడండి, సరళరేఖ వచ్చి పైకి లేస్తుంటే రైపెనింగ్ ఉన్నట్టు.

సాయికిరణ్_బీఫార్మ్

సార్, అద్దంలా ఉన్న ప్రొడక్ట్ చూడ్డానికి బాగుంటుంది కదా, కొనేవాళ్లు అదే ఇష్టపడతారేమో?

రామకృష్ణ_ఎఫ్అండ్‌డీ

చూపుకి బాగుంటుంది, నిజమే. కానీ ఆ అందం కోసం 25 శాతం సర్ఫాక్టెంట్ చర్మం మీద రోజూ రాయించడం నాకు ఇష్టం ఉండదు తమ్ముడూ. మండుతుంది, చర్మం పొడిబారుతుంది.

లహరి_ఫార్మస్యూటిక్స్

అందరికీ అప్‌డేట్. పీహెచ్ 5.5 బఫర్, 1 శాతం ట్వీన్ 80, ఫాయిల్ చుట్టి మళ్లీ నడిపాను. అడ్డంగా ఆగిపోయిన గీత పోయింది, మూడు గ్రాఫులూ 24 గంటల దాకా పైకే వెళ్లాయి. బ్యాగులో మిగిలింది, బయటికి వచ్చింది కలిపితే దాదాపు మొత్తం లెక్క తేలింది. ఉత్త కర్క్యుమిన్ ద్రావణం కూడా పొర దాటడానికి గంటలే తీసుకుంది, ఎ గ్రాఫ్‌కి దానికి పెద్ద తేడా లేదు. అంటే ఎ లో నేను కొలిచింది ఎక్కువగా పొరనే. బి, సి మాత్రం దానికంటే స్పష్టంగా నెమ్మది.

ట్వీన్ సీసాకి పెరాక్సైడ్ వాల్యూ ఎక్కువే వచ్చింది. కొత్త సీసా ఆర్డర్ పెట్టాను. గాజు పలక పరీక్ష, శుద్ధి చేసిన నువ్వుల నూనె బ్యాచ్ వచ్చే నెల. టోకోఫెరాల్ ఎంత శాతంతో మొదలుపెట్టమంటారు?

డా_పద్మజ

నూనె బరువులో 0.05, 0.1, 0.2 శాతం, మూడూ పెట్టు. ఎక్కువ వేస్తే టోకోఫెరాలే ప్రో-ఆక్సిడెంట్‌గా మారే సందర్భాలున్నాయి, కాబట్టి పెంచుకుంటూ పోవద్దు. పాత ట్వీన్‌తో ఒక బ్యాచ్, కొత్త ట్వీన్‌తో ఒక బ్యాచ్ కూడా పక్కపక్కనే చెయ్యి. పాత సీసా పారెయ్యకు, దానిమీద తేదీ రాసి ఫ్రిజ్‌లో ఉంచు.